కర్మసిద్ధాంతము – రంప మన్యము: ఒక విమర్శనాత్మక పరిశీలన



సంస్కృతంలోని 'కర్మ' శబ్దం తెలుగువాడి నోట రెండుగా చీలింది. అపరక్రియలను గురించి, యజ్ఞయాగాదులను గురించి మాట్లాడేటప్పుడు మనం 'కర్మ' అంటాము. కష్టం వచ్చినప్పుడు మాత్రం ఆ మాటకే ఒక మహాప్రాణాన్ని తగిలించి 'ఖర్మ' అంటాము. వైయాకరణుల దృష్టిలో ఇది అపభ్రంశమే. అయినా ఈ అపభ్రంశంలో ఒక అర్థభేదం దాగి ఉన్నది. కర్మ చేసేది; ఖర్మ పడేది. మొదటిదానికి కర్త ఉన్నాడు, రెండవదానికి లేడు. 'నా ఖర్మ' అన్నప్పుడు అందులో ఒక నిట్టూర్పు, కొంత ఓదార్పు ఉంటాయి. 'వాడి ఖర్మ' అన్నప్పుడు అవి రెండూ ఉండవు. మాట్లాడేవాడు తన చేతులు కడుగుకొన్న చప్పుడు మాత్రమే ఉంటుంది.

ఈ రెండవ ప్రయోగం శాస్త్రసమ్మతమా, దానివలన లోకంలో జరిగిన నైతికఫలమేమిటి అన్నది ఇక్కడ విచారణీయం. ఇందుకు ఉదాహరణంగా కాశీనో కాంచినో గ్రహించడం లేదు. నేను అర్చకత్వం జరుపుతున్న మారేడుమిల్లి ప్రాంతపు చరిత్రనే గ్రహిస్తున్నాను. పేరులోనే మారేడు ఉన్న ఈ ఊరు రంపచోడవరం నుండి చింతూరు వెళ్ళే కనుమదారిలో ఉన్నది. చుట్టూ ఉన్నది పూర్వపు రంప మన్యం. ఇక్కడి కొండరెడ్లు తెలుగే మాట్లాడుతారు, కాని కర్మసిద్ధాంతం వారి పూర్వుల సొత్తు కాదు. సిద్ధాంతం లేనిచోట దాని పేరు చెప్పుకొని ఏమి జరిగిందో చూస్తే, సిద్ధాంతపు బలమూ బలహీనతా స్పష్టంగా కనిపిస్తాయి.

ముందుగా శాస్త్రం. సంహితాబ్రాహ్మణభాగాలలో కర్మ అంటే ప్రధానంగా విధివిహితమైన క్రియ. మరణానంతరం మనుష్యుని గతిని అతని ఆచరణతో ముడిపెట్టే ఉపదేశం బృహదారణ్యకంలో ఎలా వచ్చిందో గమనించండి. జనకుని సభలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుని ప్రశ్నిస్తాడు: దేహం భూతాలలో లీనమైన పిదప పురుషుడు ఎక్కడ ఉంటాడు? యాజ్ఞవల్క్యుడు సభలో సమాధానం చెప్పడు. ఆర్తభాగుని చేయి పట్టుకొని పక్కకు తీసుకొనిపోతాడు. వారిద్దరూ ఏకాంతంలో మాట్లాడుకొన్నది కర్మను గురించే అని శ్రుతి చెబుతున్నది. ఇది బహిరంగంగా ఒకరినొకరు నిందించుకోవడానికి పుట్టిన విద్య కాదని ఆ సన్నివేశమే చెప్పడం లేదా? తన గతిని తాను తెలుసుకోగోరిన జిజ్ఞాసువుకు, గురువు చేయి పట్టుకొని చెప్పిన మాట అది.

అయితే సత్యాన్ని సగం చెప్పి ఊరుకోకూడదు. ఛాందోగ్యం పంచమాధ్యాయంలో, ప్రవాహణ జైవలి గౌతమునికి చేసిన పంచాగ్నివిద్యోపదేశంలో, రమణీయమైన ఆచరణ గలవారు త్రైవర్ణికుల యోనులను పొందుతారనీ, కుత్సితాచరణ గలవారు శ్వాన, సూకర, చండాల యోనులను పొందుతారనీ ఉన్నది. జన్మకు తారతమ్యక్రమం, ఆ తారతమ్యానికి పూర్వాచరణ కారణం. ఈ రెండూ శ్రుతిలోనే కలిసి వచ్చాయి. 'ఇదంతా తరువాతివారి ప్రక్షిప్తం' అని తప్పించుకొనే పండితులను నేను ఎరుగుదును. ఆ తప్పించుకోవడం నాకు రుచించదు. వాక్యం ఉన్నది. దానిని ఎవరు, ఎవరికి, ఏ ప్రయోజనంతో వినిపించారన్నదే విచారించవలసినది.

దార్శనికులు కర్మను స్వీకరించినది వేరొక అవసరం కోసం. చేసిన పని ఫలించకుండా నశించకూడదు, చేయని పనికి ఫలం అనుభవించవలసి రాకూడదు. కృతహాని, అకృతాభ్యాగమం అనే ఈ రెండు దోషాలను నివారించడమే వారి లక్ష్యం. అంటే దాని మూలంలో ఉన్నది న్యాయకాంక్ష. బ్రహ్మసూత్రాలలో ద్వితీయాధ్యాయం ప్రథమపాదం 34వ సూత్రం వద్ద ఈశ్వరునిపై పక్షపాతమూ నిర్దయా అనే ఆరోపణలు వస్తాయి. శంకరభగవత్పాదులు మేఘదృష్టాంతం చెబుతారు. వాన అంతటా ఒకటే, మొలకలలోని భేదం బీజాలది. ఇది ఈశ్వరుని నిర్దోషత్వాన్ని స్థాపించడానికి చేసిన వాదం. గుర్తుంచుకోవలసినది ఏమంటే, ఆ అధికరణంలో దోషవిముక్తుడైనది ఈశ్వరుడు మాత్రమే. సాహుకారు కాదు, మన్సబుదారు కాదు, తహసీలుదారు కాదు. భాష్యంలోని ఆ మినహాయింపును లోకం తనకు తానే విస్తరించుకొన్నది.

ఇక రంప. 19వ శతాబ్దిలో ఈ కొండలు మన్సబుదారు అనే బిరుదు గల పాలకుని కింద ఉండేవి. అతని కింద ముఠాదారులు, వారి కింద గ్రామాలు. కొండవారికి కల్లు విలాసం కాదు. ధాన్యం నిండుకొన్న వేసవి నెలలలో జీలుగుకల్లు, మామిడిటెంకల అంబలి వారి ప్రాణాలు నిలిపేవి. ఆ చెట్లపై మన్సబుదారుకు 'చిగురుపన్ను' కట్టడం అంతకుముందే ఉన్నది. 1878 ప్రాంతంలో కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి అవసరానికి గీసుకొనే కల్లు కూడా పన్ను లేకుండా గీయరాదన్నాయి. మన్సబుదారు ఆ రాబడిని గుత్తకు తీసుకొని, పాత పన్నుపై 'మొదలుపన్ను' అనే మరొకటి వేయ సంకల్పించాడు.

దీనికితోడు మైదానపు వర్తకులు. వారు కొండవారితో ఒడంబడికలు చేసుకొని, అవి తీరనప్పుడు దిగువనున్న సివిల్ కోర్టులలో దావాలు వేసేవారు. కొండ దిగి రావడం తెలియనివాడు, కోర్టు అంటే ఏమిటో ఎరుగనివాడు హాజరు కాలేదు. ఏకపక్షపు డిక్రీ వచ్చింది. బంట్రోతు వచ్చి పశువులను తోలుకొనిపోయాడు. 5 రూపాయల బాకీకి 100 రూపాయల సొత్తు పట్టుకొనిపోయారన్న ఫిర్యాదు 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో నమోదై ఉన్నది. ఎటూ బ్రతుకలేము కనుక పోలీసులను చంపి చావడమే మేలని కొండవారు అనుకొన్నారట. 1879 మార్చిలో చోడవరం వద్ద తిరుగుబాటు మొదలై గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి వ్యాపించింది. దానికి నాయకులైన ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో హతులైనారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపి అణచిన తరువాత చేసిన పని మాత్రం గమనింపదగినది. మన్సబుదారును తొలగించింది, ముఠాదారులకు నేరుగా సనదులిచ్చింది. అనగా దుఃఖానికి కారణం ఎక్కడున్నదో పాలకులకే తెలుసు. అది పూర్వజన్మలో లేదు, వసూలు చిట్టాలో ఉన్నది.

దేశచరిత్రలో ఇటువంటి ఘటనలు అనేకం. అయితే వైదికసంప్రదాయంలో పెరిగిన నాబోటివాడికి దీనిలో ప్రత్యేకంగా గుచ్చుకొనే విషయం ఒకటున్నది. మన ధర్మశాస్త్రంలో ఋణవిషయం రెండు వైపుల నుండి చెప్పబడింది. ఋణం తీర్చకుండా మరణించినవాడు ఋణదాత ఇంట దాసుడిగానో పశువుగానో జన్మిస్తాడని స్మృతివాక్యాలున్నాయి. ఋణానుబంధం అనే మాట తెలియని తెలుగువాడు లేడు. రెండవవైపు మనుస్మృతి అష్టమాధ్యాయంలో వడ్డీకి కట్టు ఉన్నది. ఒక్కసారిగా రాబట్టుకొనే వడ్డీ అసలుకు రెట్టింపును దాటించరాదు. పశ్చిమభారతంలో దీనిని దామ్‌దుపట్ అన్నారు. బ్రిటిషు కోర్టులు కూడా కొన్నిచోట్ల హిందూధర్మంగా దీనిని పాటించాయి. అష్టమాధ్యాయం ఋణదాతను శాసిస్తున్నది, ద్వాదశాధ్యాయం జన్మాంతరగతిని చెబుతున్నది. మన పురాణశ్రవణాలలో, హరికథలలో, అరుగుల మీది ముచ్చట్లలో ద్వాదశాధ్యాయం వినిపించినంతగా అష్టమాధ్యాయం ఎన్నడైనా వినిపించిందా? ఋణగ్రస్తునికి పరలోకభయం చెప్పినవారు ఋణదాతకు ఇహలోకపు హద్దు చెప్పలేదు. శాస్త్రం తెలిసినవారి మౌనం ఇక్కడ తటస్థం కాదు. అది ఒక పక్షం వహించడమే.

ఆ హద్దును కొండలకు తెచ్చినది మనం కాదు. 1917లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం కొండజాతులవారి బాకీలపై వడ్డీని సంవత్సరానికి నూటికి 24కు పరిమితం చేసి, చక్రవడ్డీని నిషేధించి, మొత్తం వడ్డీ అసలును మించరాదన్నది. చూడండి, మనువు చెప్పిన ద్వైగుణ్యమే! దానిని అమలులో పెట్టడానికి ఒక విదేశీప్రభుత్వం, అదీ ఒక తిరుగుబాటు తరువాత దాదాపు 4 దశాబ్దాలకు, రావలసివచ్చింది. ఆ చట్టం కాగితం మీదనే ఉండిపోయిందని తరువాతి చరిత్ర తెలుపుతుంది. విశాఖ మన్యంలో 'గోతి' అనే పద్ధతి ఉండేది. చిన్న అప్పుకు వడ్డీ కింద మనిషి పని చేయాలి. అసలు తీరదు కనుక పని తీరదు. తండ్రి పోతే కొడుకు. 1940లో ఏజెన్సీ ఋణదాస్యనిర్మూలనకు ప్రత్యేకంగా రెగ్యులేషను చేయవలసివచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మరుజన్మలో దాసుడవుతాడని స్మృతి చెప్పినదానిని ఈ జన్మలోనే, ఈ కొండలలోనే, పత్రం రాసుకొని జరిపించారన్నమాట.

ఇప్పుడు ఒక ఆక్షేపం వస్తుంది, రావలసినదే. కర్మసిద్ధాంతం లేకపోతే ధర్మానికి ఆధారమేమి? పరలోకభయం లేనివాడు పాపానికి వెనుదీయునా?

దీనికి సమాధానం ఈ కొండలలోనే ఉన్నది. వియన్నా నుండి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940ల ఆరంభంలో పాపికొండల కొండరెడ్ల మధ్య సంచరించి, 1945లో వారిని గురించి గ్రంథం ప్రకటించాడు. చెంచులు, కొండరెడ్లు మొదలుకొని నేపాళ దేశపు షెర్పాల వరకు అనేక సమాజాల నీతిని పోల్చి 1967లో మరొక గ్రంథం రాశాడు. చెంచులు, కొండరెడ్లు వంటి సమాజాలలో మంచిచెడ్డల విచక్షణ దృఢంగా ఉన్నది, కాని అది మరణానంతర ఫలంతో ముడిపడి లేదు, తోటివారి అభిప్రాయమే దానికి ఆలంబనం అని అతని పరిశీలన. 2002లో సింహళ దేశీయుడు గణనాథ ఒబెయశేకర మరొక మెట్టు ఎక్కి, పునర్జన్మవిశ్వాసం లోకంలో అనేక చిన్న సమాజాలలో ఉన్నదనీ, దానికి పుణ్యపాపాలను జోడించడం మాత్రం వేరుగా, చారిత్రకంగా జరిగిన పరిణామమనీ వాదించాడు. వైదికుడనైన నాకు వారి నిర్ణయాలన్నీ సమ్మతం కావు. శ్రుతి అపౌరుషేయమని నమ్మేవాడికి 'చారిత్రక పరిణామం' అన్న మాట సులభంగా మింగుడుపడదు. కాని మొదటి పరిశీలనకు నేనే సాక్షిని. మామిడికొత్త జరుగకముందు చెట్టు కింద రాలిన కాయను కూడా ముట్టని పసివాడికి పరలోకాన్ని గురించి ఎవరూ చెప్పలేదు. పోడు చేలో పండినది లేనివాడి ఇంటికి చేరడానికి చిత్రగుప్తుని లెక్క అవసరం కాలేదు.

అట్లని కొండసమాజాన్ని సత్యయుగంగా చిత్రించే పట్టణవాసుల రచనలను నేను నమ్మను. కర్మభావన లేనిచోట రోగానికీ అకాలమరణానికీ కారణం వెదకవలసివచ్చినప్పుడు ఆ వేలు పొరుగువాడి వైపు తిరుగుతుంది. మన్యంలో దీనిని చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టాడన్న అనుమానంతో వృద్ధులను, ఒంటరివారిని చంపిన ఘటనలు ఈ కాలంలో కూడా విన్నాము. పిల్లవాడు జ్వరంతో పోతే, 'ఎవరో చేశారు' అనడం కంటె 'నా కర్మ' అనడం నిశ్చయంగా సాత్వికం. ఇది కర్మసిద్ధాంతపు నిజమైన నైతికలాభం. దుఃఖితుని చేతిలోని గొడ్డలిని అది కిందపెట్టిస్తుంది.

మహాభారతం అనుశాసనపర్వారంభంలోని గౌతమీకథ సరిగా దీనినే చెబుతున్నది. గౌతమి అనే వృద్ధ కుమారుని పాము కరచింది. అర్జునకుడనే వేటగాడు పామును పట్టితెచ్చి చంపుతానంటాడు. పాము మృత్యువును చూపిస్తుంది, మృత్యువు కాలుని చూపిస్తాడు, కాలుడు బాలుని కర్మనే కారణమంటాడు. గౌతమి వైరం విడిచి, పామును విడిపిస్తుంది. కథలో కర్మను అంగీకరించినది పుత్రుని కోల్పోయిన తల్లి. ఆమె అన్నది గనుక అది శాంతి. ఆ మాటనే పాము అని ఉంటే? అంతకంటె, పామును పెంచి విడిచినవాడొకడు ఉండి వాడు అని ఉంటే? ఈ కథను భీష్ముడు చెప్పినది ఎవరికో కూడా చూడాలి. యుద్ధంలో గెలిచి, బంధువధకు కుమిలిపోతున్న యుధిష్ఠిరునికి. చంపినవాడిని ఊరడించడానికి చంపబడినవారి కర్మను చెప్పడమన్నమాట. ఈ స్థలాన్ని ఎన్నిసార్లు పారాయణ చేసినా నా మనస్సు పూర్తిగా సమాధానపడలేదు.

వ్యాసులవారికి ఈ సంగతి తెలియదని కాదు. అదే పర్వంలో ఆరవ అధ్యాయంలో వసిష్ఠుని ప్రశ్నకు బ్రహ్మ సమాధానం చెబుతాడు. దైవం బీజమైతే పురుషకారం క్షేత్రం. దున్నని చేనిలో ఏ బీజమూ మొలవదు. వనపర్వంలో ద్రౌపది మరింత సూటిగా మాట్లాడుతుంది. అంతా దైవమేనని పడుకొనేవాడినీ, అంతా యాదృచ్ఛికమేనని తిరిగేవాడినీ ఆమె ఒకే గాటన కట్టి నిందిస్తుంది. ఈ నీతిని బాల్యంలో తండ్రి ఒడిలో కూర్చొని ఒక బ్రాహ్మణుని నోట విన్నానంటుంది. చరకుడు కూడా విమానస్థానం మూడవ అధ్యాయంలో ఆయుర్దాయం నియతమా అన్న ప్రశ్నకు, బలమైన పురుషకారం దుర్బలదైవాన్ని తోసివేస్తుందని నిర్ణయించాడు. ఆయువు పూర్తిగా నియతమే అయితే వైద్యమెందుకని అతని తర్కం. దీనికి ప్రతిపక్షంగా శాతాతపాది కర్మవిపాకగ్రంథాలు ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క పాపాన్ని చూపించాయి. రోగికి ప్రాయశ్చిత్తం చెప్పడం వాటి ఉద్దేశమే కావచ్చు; లోకంలో మిగిలినది మాత్రం రోగిని పాపిగా చూసే చూపు. మన్యపు జ్వరాన్నే తీసుకోండి. 1879లో వచ్చిన సైనికులనూ పోలీసులనూ అది పడగొట్టింది, తరతరాలుగా కొండవారిని పడగొట్టింది. దాని వాహకం దోమ అని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన తెలుగుగడ్డ మీదనే, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదులో. కర్మవిపాకంలో దోమకు చోటు లేదు.

నిత్యం సంకల్పం చెప్పే ప్రతి గృహస్థుడికీ ఒక పదం తెలుసు: 'మమ'. దురితక్షయం కోరేటప్పుడు మనం నోట పలికేది 'నా' దురితమని. యజమాని గోత్రనామాలు చెప్పి అతని పక్షాన పలికినప్పుడు కూడా అతని అభ్యర్థన మేరకే పలుకుతాము. పొరుగువాడి పాపాన్ని వాడు కోరకుండా లెక్కగట్టే సంకల్పం ఏ సూత్రకారుడూ రాయలేదు. కర్మసిద్ధాంతానికి ప్రయోగవిధి ఇదేనని నా అభిప్రాయం. ఉత్తమపురుషలో అది సాధన, ప్రథమపురుషలో అది అపవాదం.

ఈ భేదాన్ని ఆచరణలో చూపినవాడు ఈ కొండలలోనే తిరిగాడు. 1917లో కృష్ణదేవిపేట చేరిన అల్లూరి శ్రీరామరాజు సన్న్యాసివేషంలో ఉండేవాడు. జపతపాలు, జ్యోతిషం ఎరిగినవాడు. కర్మ, పునర్జన్మ అతనికి పరాయి భావాలు కావు. తాగుడు మానండి, తగవులు కోర్టులకెక్కక పంచాయతీలో తీర్చుకోండి అని చెప్పినప్పుడు అతడు చెప్పినది కొండవారి కర్తవ్యాన్నే. కాని గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ రోడ్డుపనికి చాలీచాలని కూలి ఇచ్చి చాకిరీ చేయించినప్పుడు, అది మీ ప్రారబ్ధమని అతడు అనలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను ముట్టడితో మొదలైన పోరాటం 1924 మే 7న అతని మరణంతో దాదాపు ముగిసింది. ఆ మార్గంలోని హింసను గురించి నాకు భేదాభిప్రాయం ఉన్నది. ఆ కాషాయం వెనుకనున్న శాస్త్రజ్ఞానాన్ని గురించి లేదు.

చివరగా ఒక చట్టాన్ని ప్రస్తావించాలి. 'పూర్వజన్మ సుకృతం' అని మనం సంపన్నుని గురించి అనే మాట ఉన్నది కదా. కొండలలో భూమి కలిగిన మైదానపువాడిని గురించి కూడా ఆ మాటే అంటారు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును సవరిస్తూ 1970లో వచ్చిన, జనం '1/70' అని పిలిచే నిబంధన దీనికి భిన్నంగా మొదలవుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యే వరకు, గిరిజనుని నుండి అతనికో అతని పూర్వులకో వచ్చినదిగానే భావించబడుతుంది. ప్రస్తుతభోగానికి పూర్వకర్మను వెదకడమే ఇది కూడా. కాకపోతే ఈ వెదకులాట జన్మాంతరంలోకి పోకుండా దస్తావేజుల దగ్గర ఆగుతుంది, రుజువు చేయవలసిన భారం భోగించేవాడి మీద ఉంటుంది. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది.